శిరోవేదనకు వైద్యులేరి?

శిరోవేదన ప్రాణము తీయదు. కావుననే ప్రభుత్వముల దృష్టి నాకర్షింపదు. కాని 2019వ సంవత్సరపు ప్రపంచ రోగభార గణన ననుసరించి, మనుజుని అశక్తుని జేయు వ్యాధులలో మైగ్రేనుది, అనగా పార్శ్వపు తలనొప్పిది, రెండవ స్థానము; యువతులలో మొదటి స్థానము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సుమారు 4 కోట్ల మంది దీనిచే బాధపడుచుండగా, ఇందు ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యులు కొన్ని వందలు మాత్రమే. మెదడు, నరముల వైద్యము నేర్చిన డాక్టరు ఇందుకై మరియొక యేడు అభ్యసింపవలయును. తక్కిన వైద్య శిక్షణకు ధనమిచ్చు మెడికేరు ప్రభుత్వనిధి, ఈ కడపటి యేటికి సాధారణముగా నీయదు. ఆసుపత్రులు, ధర్మసంస్థలు, మందుల కంపెనీలు ఇచ్చు గ్రాంటులే దిక్కు.

మైగ్రేను నివారణకే నిర్మితమైన నూతనౌషధము 2018లో అచ్చట ఆమోదము పొందినది. మందు వచ్చినంతమాత్రమున రోగము తీరునా? నెలకు 15 దినములు నొప్పి మాత్రలు మ్రింగువానికి ఆ మాత్రలే తలనొప్పి తెచ్చునని కనిపెట్టి మాన్పింప వైద్యుడు కావలదా?

మందు లమ్ముకొనువారి దయపై వైద్యవిద్య నిలుచుట క్షేమము గాదు. బోధకుడెవరి యుప్పు తినునో వారి మందునే వ్రాయునను శంకకు తావుండరాదు. ఈ యొక్క యేటి వేతనమును ప్రజల బొక్కసమే భరింపవలయునని మా నిశ్చితాభిప్రాయము.