కుక్క మెడకు షాక్ బెల్టు కాదు, పంటకు పరిహారం కావాలి

ఈ మధ్య ఆళ్లగడ్డ, రుద్రవరం, శిరివెళ్ల మండలాల్లో సభ్యత్వం కోసం తిరుగుతుంటే రైతులు మమ్మల్ని ఒక కొత్త ప్రశ్న అడిగారు. ఎరువుల ధర గురించి కాదు, కేసీ కాలువ నీళ్ల గురించీ కాదు. "అన్నా, ఫోన్లో కుక్కకు రిమోటు బెల్టు చూపిస్తున్నారు. బటన్ నొక్కితే షాక్ కొడుతుందంట, కుక్క చెప్పినట్టు వింటుందంట. అడివి పందులను తరిమేదానికి వాటిలో ఏది కొనమంటారు?" అని.

మా జవాబు ఒక్క ముక్కలో చెబుతున్నాం. ఏదీ కొనొద్దు.

అడిగిన రైతును మేము తప్పు పట్టడం లేదు. నల్లమల అంచున మొక్కజొన్న వేసిన రైతుకు కంకి పాలు పట్టిన నాటి నుంచి కంటి మీద కునుకు ఉండదు. పందుల మంద ఒక్క రాత్రి చేలో దిగితే తిన్నదానికంటే తొక్కి పడేసిందే ఎక్కువ. డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి, పాత చీరలు కట్టి, మంచె మీద జాగారం చేసి విసిగిపోయిన మనిషికి ఎవరు ఏ పరికరం చూపించినా ఆశ పుడుతుంది. ఆ ఆశ మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

ముందు ఆ బెల్టు సంగతి చూద్దాం. కుక్క మెడకు ఒక చిన్న పెట్టె, దానికి చర్మాన్ని తాకే రెండు ఇనుప మొనలు, మన చేతిలో రిమోటు. ఒక బటన్‌కు శబ్దం, ఒక బటన్‌కు వణుకు, ఒక బటన్‌కు షాక్. షాక్‌ను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వందల మీటర్లు, కిలోమీటరు పనిచేస్తుందని అట్ట మీద రాసి ఉంటుంది. అది అడ్డం లేని మైదానంలో మాట. మనిషెత్తు మొక్కజొన్నలో, అరటి తోటలో, అదీ రాత్రిపూట, కుక్క ఎక్కడుందో మనకే కనపడదు. అది దేన్ని చూస్తోందో తెలియకుండా బటన్ నొక్కుతాం.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. నొప్పి రిమోటు నుంచి వచ్చిందని కుక్కకు తెలియదు. ఆ క్షణంలో కళ్లెదుట ఏముంటే దానివల్లే వచ్చిందనుకుంటుంది. ఎదురుగా పంది ఉంటే ఇంకోసారి పంది ముందుకు పోదు. గొర్రె ఉంటే గొర్రెను చూసి బెదురుతుంది. పక్కింటి పిల్లవాడు ఉంటే వాడి మీద పళ్లు చూపిస్తుంది. వేలు పోసి కొన్న యంత్రంతో ఉన్న కాపలా కుక్కను పిరికిదాన్నో, కరిచే కుక్కనో చేసుకుంటాం.

ఇంకొకటి. ఆ మొనలు పనిచేయాలంటే బెల్టు బిగించి కట్టాలి. గంటల తరబడి ఒకే చోట ఒత్తుకుంటే చర్మం పుండు పడుతుంది. రోజంతా ఉంచొద్దని అమ్మే కంపెనీలే కాగితం మీద రాస్తాయి. మన కాపలా మాపటేళ నుంచి తెల్లారే దాకా. నంద్యాల ఎండల్లో ఆ పుండుకు ఈగ వాలితే పురుగు పట్టడానికి ఎన్ని రోజులు కావాలి?

కుక్క నుంచి మనకు కావలసింది ఏమిటి? పందితో కొట్లాట కాదు. కోర పంది ఎదురు తిరిగితే కుక్క పొట్ట చీల్చేస్తుంది. కుక్క గట్టు మీద ఉండి వాసన పట్టాలి, మొరగాలి, మంచె మీద మనిషిని లేపాలి. మొరగడానికి షాక్ అక్కరలేదు. కోతల తర్వాత మన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మంద ఆపుతాం కదా, ఆ కాపరుల కుక్కలను చూడండి. పిల్లగా ఉన్నప్పటి నుంచి మందలోనే పెరుగుతాయి. ఒక ఈల, ఒక కేక, ఇంత సంగటి ముద్ద. చదువంతా అదే.

హిమాచల్‌లో గద్ది కాపరులు కూడా కుక్క మెడకు పట్టీ వేస్తారు. అది బయటికి ముళ్లున్న ఇనుప పట్టీ, చిరుత మెడ పట్టుకోకుండా. ఇక్కడ కూడా చిరుత భయం కథ కాదు. 2024 జూన్‌లో శిరివెళ్ల మండలం పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణం పోయింది. కాపరి వేసే పట్టీ కుక్కను కాపాడుతుంది. కంపెనీ అమ్మే బెల్టు కుక్కనే కుడుతుంది. గొర్రెల పెంపకానికి పేరున్న వేల్స్ దేశం 2010లోనే ఈ షాక్ బెల్టులను నిషేధించింది. అక్కడ వద్దన్న సరుకును మన రైతుకు ఎందుకు అంటగడుతున్నారు?

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2022 సవరణ తర్వాత అడివి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. కుక్కలను ఉసిగొల్పి పందిని తరిమి పట్టుకుంటే అది వేట. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడవచ్చు. జంతువును అనవసరంగా హింసించడం 1960 చట్టం ప్రకారం నేరం. కేసు పడితే బెల్టు అమ్మినవాడు స్టేషన్‌కు రాడు. పోయేది రైతే.

నిన్నటిదాకా చేను చుట్టూ దొంగ కరెంటు తీగ కట్టమని చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ తీగలకు పందులతో పాటు మన మనుషులూ బలయ్యారు. ఇప్పుడు ఆ కరెంటే కుక్క మెడకు వచ్చింది. రెండింటిలోనూ ఒకటే మోసం: అడివిని, పంటను కాపాడాల్సిన ప్రభుత్వ బాధ్యతను రైతు జేబు మీదికి, చివరికి ఒక మూగజీవి మెడ మీదికి నెట్టడం.

ఆ బాధ్యతను తీసుకునే దారి చట్టంలోనే ఉంది. పంటలకు ప్రమాదంగా మారిన రెండో షెడ్యూలు జంతువు మీద చర్యకు అనుమతించే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఉంది. వన్యప్రాణుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా యాప్‌లో ఫొటోలతో తెలపాలి. అయితే ఏ జంతువు, ఏ ప్రాంతం అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. అక్కడ మన మండలం పేరు లేకపోతే ఎన్ని ఫొటోలు పెట్టినా పైసా రాదు.

అందుకే మన డిమాండ్లు ఇవి:

నల్లమల అంచు మండలాలన్నిటినీ అడివి పంది నష్ట ప్రాంతాలుగా నోటిఫై చేయాలి. అదనపు ప్రీమియం ప్రభుత్వమే కట్టాలి. ఫోన్ లేని రైతు, కౌలు రైతు కాగితం మీద ఇచ్చిన ఫిర్యాదు కూడా చెల్లాలి. ప్రమాణాల ప్రకారం చేసిన సోలార్ కంచెకు సబ్సిడీ ఇవ్వాలి, అది చిన్న రైతుకు ముందు అందాలి. పంట నష్టం చూడటానికి అటవీ, వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది కలిసి చేలోకి రావాలి.

ఈలోగా మనం చేయాల్సినవి కూడా ఉన్నాయి. చేలో పందులు పడిన ప్రతిసారీ తేదీ, సర్వే నంబరు, ఫొటో రాసి పెట్టండి. అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. రికార్డు లేని నష్టం ప్రభుత్వం లెక్కలో నష్టమే కాదు. పక్కపక్క చేల రైతులు కాపలాను వంతులు వేసుకోండి. కాపలా కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి. బెల్టుకు పోసే డబ్బులో కొంత దాని తిండికి పెట్టండి.

రాత్రంతా మనతో పాటు మేలుకునేది ఆ ఒక్క ప్రాణే. రైతును కుదిపి లేపడానికి దానికి ఒక్క మొరుగు చాలు. ప్రభుత్వాన్ని లేపడానికి మాత్రం మనమంతా కలిసి కేక వేయాలి.