జల్లెడ ఎవరి చేతిలో ఉంది?

ఈసారి మన మాట "జల్లెడ". పిండి జల్లిస్తే మెత్తటిది కిందకి దిగుతుంది, పొట్టు పైన మిగులుతుంది. ఆ పొట్టు పారేసే ముందు మీరు ఒకసారి చూస్తారు. లైబ్రరీ కంప్యూటర్లలో కూడా ఒక జల్లెడ ఉండవచ్చు. దాని పేరు ఫిల్టర్. అది ఆపిన పేజీలో ఏముందో మీరు చూడలేరు.

ఫిల్టర్‌కి చదవడం రాదు. ఎక్కువగా ఒక కంపెనీ తయారుచేసిన జాబితాతో, కొన్ని మాటలతో పోల్చి చూస్తుంది. 1996లో అమెరికా కంపెనీ ఏఓఎల్ ఫిల్టర్ ఇంగ్లండ్‌లోని స్కన్‌థోర్ప్ ఊరివాళ్లను ఖాతా తెరవనివ్వలేదు. ఆ ఊరి పేరు మధ్యలో ఇంగ్లీషు బూతుమాట ఒకటి దాగి ఉండడమే కారణం!

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఫిజీ చెరకు తోటల్లో మనవాళ్లు పడ్డ బాధలు రాయాలంటే కొట్టడం, ఆత్మహత్యలు, ఆడవాళ్లపై అత్యాచారాలు, అన్నీ రాయాలి. మాటలను మాత్రమే చూసే యంత్రానికి చరిత్రకీ చెత్తకీ తేడా తెలియదు.

న్యూజిలాండ్‌లో చట్టం ఏమంటుంది? పిల్లలపై లైంగిక హింస చూపే సైట్లను ఆపడానికి ప్రభుత్వం 2010 నుంచి ఒక ఫిల్టర్ నడుపుతోంది. అది అవసరమే. కానీ పబ్లిక్ లైబ్రరీలు తప్పకుండా ఫిల్టర్ పెట్టాలనే చట్టం ఇక్కడ లేదు. ఇంకా ఏమేం ఆపాలో స్థానికంగానే నిర్ణయిస్తారు. 1990 నాటి హక్కుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం సమాచారం వెతికే హక్కు, అందుకునే హక్కు మీకు ఉన్నాయి.

ఇప్పుడు ఒక పుస్తకం కథ వినండి. 2015 సెప్టెంబరులో టెడ్ డావ్ నవల "ఇంటు ది రివర్"ను దేశమంతటా తాత్కాలికంగా ఆపేశారు. అమ్మకూడదు, లైబ్రరీలో ఇవ్వకూడదు. అందరికీ తెలిసింది, పెద్ద చర్చ జరిగింది. అక్టోబరులో సమీక్ష బోర్డు ఆ నిషేధం ఎత్తేసింది. పుస్తకాన్ని ఆపినప్పుడు ఆదేశం బయటికి వచ్చింది, దాన్ని ప్రశ్నించే దారీ ఉంది. ఫిల్టర్ ఒక పేజీని ఆపినప్పుడు ఆ సంగతి ఆ కుర్చీలో కూర్చున్న ఒక్కరికే తెలుస్తుంది. ఆ ఒక్కరూ లేచి వెళ్లిపోతే ఎవరికీ తెలియదు.

లేచి వెళ్లిపోయేది ఎవరు? ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇంటికెళ్లి చూసుకుంటారు. లైబ్రరీ తప్ప వేరే దారి లేని పెద్దవాళ్లకి, కొత్తగా వచ్చినవాళ్లకి ఆ తలుపు మూసుకున్నట్టే.

1903 నుంచి మద్రాసు ఓడల్లో ఫిజీ వెళ్లిన మన పెద్దల్లో ఎందరో, తమకు చదవడం రాని కాగితం మీద వేలిముద్ర వేశారు. "అగ్రిమెంట్" అన్న మాటే వాళ్ల నోట "గిర్మిట్" అయింది. సమాచారం అందకపోతే ఎంత నష్టమో మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి ఈసారి లైబ్రరీలో "ఈ పేజీ ఆపబడింది" అని కనబడితే సిగ్గుపడకండి. మీరు తప్పేమీ చేయలేదు. పేజీ చిరునామా రాసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లండి. మూడు ప్రశ్నలు అడగండి: దీన్ని ఎవరు ఆపారు? ఎందుకు ఆపారు? తెరవగలరా? జవాబు రాకపోతే కౌన్సిల్‌కి ఉత్తరం రాయండి. 1987 నాటి స్థానిక ప్రభుత్వాల సమాచార చట్టం ప్రకారం వాళ్లు మామూలుగా 20 పనిదినాల్లోపు నిర్ణయం చెప్పాలి.

మన పెద్దల సామెత ఒకటి గుర్తుపెట్టుకోండి: అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదు.