వేడి ఊరికి మకాం మార్చేముందు

మదనపల్లె పక్క పల్లెలో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. భర్త ఇళ్లకు కరెంటు వైరింగు పని చేస్తాడు. భార్య కుట్టుపని చేస్తుంది. బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు, డెబ్బై దాటిన తల్లి ఒకరు. పుదుచ్చేరిలో ఉన్న తెలిసిన మేస్త్రీ ఒకాయన "ఇక్కడ ఏడాది పొడుగునా పని ఉంది, కూలి కూడా ఎక్కువ, వచ్చెయ్యండి" అని కబురు పెట్టాడు. పట్టణానికి ఉత్తరం వైపున, ముత్యాలపేట దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న సోలై నగర్‌లో అద్దె ఇల్లు కూడా చూసిపెట్టాడు. వెళ్లాలా, మానాలా?

ఇటువంటి ప్రశ్న మీలో చాలామందికి ఎదురై ఉంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? నలుగురినీ అడుగుతాం. ఒకరు "అమ్మో, ఆ సముద్రపు ఉక్కలో ఎట్లా బతుకుతారు?" అంటారు. ఇంకొకరు "అక్కడ మనవాళ్లెవరున్నారు?" అంటారు. మొదటి మాట వాతావరణం గురించి, రెండో మాట మనుషుల గురించి. ఈ రెంటినీ వేరు వేరు లెక్కలుగా వేసుకుని, చివర కూడికలు తీసివేతలు చేసి తేల్చుకోవటం మన అలవాటు. నా అభిప్రాయంలో ఇవి రెండు లెక్కలు కావు. వేడి ఊళ్లో వేడి మనల్ని ఎంత బాధిస్తుందన్నది చాలావరకు పక్కింటివాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. ఎందుకంటున్నానో చెబుతాను. ముందు వేడి సంగతి చూద్దాం.

చోటు మారితే ఒంటికి మంచిదనో, చెడ్డదనో అనుకోవటం కొత్త విషయం కాదు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పొడిగాలి క్షయరోగులకు మేలు చేస్తుందన్న నమ్మకంతో 1915లో దగ్గరలోని ఆరోగ్యవరంలో శానిటోరియం తెరిచారు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. తరువాత మందులు వచ్చాయి. మద్రాసులో జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 1959లో వెలువడ్డాయి. మందు సరిగా వాడితే, ఇరుకు ఇళ్లలో ఉంటూ వైద్యం పొందిన పేద రోగులకూ శానిటోరియంలో ఉన్నవారికీ ఫలితంలో పెద్ద తేడా లేదని అందులో తేలింది. అంటే గాలికి మనం ఇచ్చిన పేరులో కొంత, నిజానికి ఇతర కారణాలకు చెందవలసినదే. ఇది గుర్తుంచుకుంటే, "ఆ ఊరి గాలి పడదు" అనే మాట విన్నప్పుడు ఇంకొంచెం వివరంగా అడగగలుగుతాం.

అయితే వేడి విషయంలో శరీరం చెప్పేది వినక తప్పదు. చెమట ఆరినప్పుడు ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లాగే. కుండ గోడల్లోంచి ఊరిన తేమ ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. రాయలసీమ ఎండలో కొత్త కుండ నీళ్లు పళ్లు జిల్లుమనేలా ఉంటాయి. అదే కుండను సముద్రం ఒడ్డున పెట్టి చూడండి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి కుండ అంత చల్లబడదు. మన ఒళ్లూ అంతే. చెమట పోస్తుంది గాని ఆరదు. దీనికే మన భాషలో ఉక్కపోత అని చక్కని పేరు ఉంది. నీళ్లు పోసి నడిపే కూలరును మదనపల్లె నుంచి లారీలో వేసుకుని వెళ్లాలనుకునేవారు ఈ కుండ సంగతి గుర్తు తెచ్చుకుంటే లారీ బాడుగలో కొంత మిగులుతుంది.

అందుకే ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. మే నెలలో హైదరాబాదు పగటి వేడి పుదుచ్చేరి కన్నా ఎక్కువగానే నమోదవుతుంది. కాని రాత్రి సంగతి వేరు. తీరంలో రాత్రిపూట వేడి అంతగా దిగదు, తేమ తగ్గదు. భారత వాతావరణ శాఖ కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. వడగాలి ప్రకటించాలంటే పగటి ఉష్ణోగ్రత మైదానాల్లో కనీసం 40 డిగ్రీలకు చేరాలి. తీరప్రాంతానికి 37 డిగ్రీలు, కొండప్రాంతానికి 30 డిగ్రీలు చాలు. ఆపైన అది మామూలు కన్నా ఎంత ఎక్కువో చూస్తారు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుందని ఆ ఊరివాళ్లు ధైర్యం చెబుతారు. నిజమే. అయితే పడమటి గాలి గట్టిగా వీచే రోజుల్లో అది ఆలస్యంగా వస్తుంది, ఒక్కోరోజు రానే రాదు.

కాలాలు కూడా మారతాయి. తెలుగునాట చాలాచోట్ల రోహిణి కార్తె దాటి తొలకరి పడితే ప్రాణం లేచివస్తుంది. పుదుచ్చేరిలో జూన్‌లో కూడా ఎండలు గట్టిగానే ఉంటాయి. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాటితోపాటే తుపానులు. 2011 డిసెంబరు 30న థానే తుపాను అక్కడే తీరం దాటింది. 2024 నవంబరు 30న ఫెంజల్ వచ్చినప్పుడు ఒక్క రోజులో సుమారు 48 సెంటీమీటర్ల వాన కురిసింది. "వేడి ఊరు" అనే ఒక్క మాటలో ఇవన్నీ ఇమడవు.

సోలై అంటే తమిళంలో తోపు, తోట అని అర్థం. పేరులో ఉన్న నీడ మీరు చూడబోయే అద్దె ఇంటికి ఉందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి. అన్నిటికన్నా పై అంతస్తులో, సిమెంటు కప్పు కింద ఉన్న గదికి బాడుగ తక్కువగా ఉంటుంది. ఎందుకు తక్కువో రాత్రి పదింటికి ఆ కప్పుకింద పడుకుంటే తెలుస్తుంది. సముద్రం ఎంత దూరమో కూడా అడగండి. 2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ తీరం చూసింది. అది ఎప్పుడో ఒకసారి వచ్చేది. కోత ప్రతి ఏటా ఉండేది. 1980లలో పట్టణానికి దక్షిణాన ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టినప్పటి నుంచి, తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు అడ్డు పడింది. పట్టణం ముందరి ఇసుక కరిగిపోయింది. రాళ్లు పోసి ఆపితే కోత ఇంకా ఉత్తరానికి జరిగింది. సోలై నగర్ ఉన్నది ఆ ఉత్తరపు వైపునే.

ఇంతవరకు చూస్తే మదనపల్లెలోనే ఉండిపొమ్మని చెబుతున్నట్టుంది. ఇప్పుడు మనుషుల సంగతికి వద్దాం.

1995 జులైలో అమెరికాలోని షికాగో నగరంలో కొద్ది రోజులపాటు తీవ్రమైన వేడి కమ్మింది. ఏడువందల మందికి పైగా చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని మీద పరిశోధన చేసి 2002లో పుస్తకం ప్రచురించాడు. ఆయన పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. రెండింటిలోనూ పేదలున్నారు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లున్నారు. ఎండ కూడా ఒక్కటే. అయినా ఒక పేటలో మరణాల రేటు రెండో దానికి దాదాపు పది రెట్లు. ఎక్కువమంది పోయిన పేటలో దుకాణాలు మూతపడ్డాయి, ఇళ్లు ఖాళీ అయ్యాయి, జనం బయటికి రావటానికి భయపడి తలుపులు వేసుకున్నారు. రెండో పేటలో వీధి నిండా కొట్లు, జనం. ముసలమ్మ కూడా నాలుగడుగులు వేసి చల్లటి కొట్లో కాసేపు కూర్చోగలదు. రెండు రోజులు కనిపించకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. కాబట్టి వీధి ఎట్లా ఉందన్నది కూడా వాతావరణంలో భాగమే అంటాను.

ఇక "మనవాళ్లున్నారా?" అన్న ప్రశ్న. దీన్ని నేను తీసిపారెయ్యను. పుదుచ్చేరికి తెలుగు కొత్త కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచివారి దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లె మీద కస్తూరి రంగకవి తెలుగులో ఛందశ్శాస్త్ర గ్రంథమే రాశాడు. యానాం ఈనాటికీ ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. జిప్‌మర్ ఆసుపత్రిలో, విశ్వవిద్యాలయంలో తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. కాని మధ్యాహ్నం రెండు గంటలకు ఒంట్లో నలతగా ఉన్నప్పుడు, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉగాదికి ఒకసారి కలిసే తెలుగు కుటుంబం అక్కరకు రాదు. గోడ పక్కన ఉన్న తమిళ ఆవిడ వస్తుంది. కాబట్టి ఊళ్లో మనవాళ్లున్నారా అని కాక, ఆ సందులో పగటిపూట తలుపులు తీసి ఉంటాయా అని అడగమంటాను.

సోలై నగర్ విషయంలో ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. అది మత్స్యకారుల పేట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, యంత్రపు పడవల వేట నిషేధం. అంటే ఏడాదిలో అన్నిటికన్నా వేడిగా ఉండే రెండు నెలలూ వేటకు పోయేవాళ్లలో చాలామంది ఒడ్డునే ఉంటారు. నీడ చూసుకుని వలలు బాగుచేసుకుంటారు. వాళ్ల చేతిలో డబ్బు ఆడని కాలం అది, నిజమే. అయినా అదే కాలంలో వీధి నిండుగా ఉంటుంది. వేడిని తప్పించుకోవటం వాళ్లకు తరాల నుంచి తెలిసిన విద్య. వాళ్లు ఏ వేళకు లోపలికి పోతారో, ఏ వేళకు బయటికి వస్తారో గమనిస్తే ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు.

మరోవైపు చూస్తే, ఈ తీరపు పేటలకు తమ పంచాయతీలు, తమ కట్టుబాట్లు ఉన్నాయి. బయటినుంచి వచ్చిన వైరింగు పనివాడు ఆ లెక్కలోకి రాడు. రేపు మురుగు కాలవ గురించో నీళ్ల గురించో మాట వచ్చినప్పుడు ఆయనకు గొంతు ఉండకపోవచ్చు. సోలై నగర్‌కు కొద్ది దూరంలో ఎర్రమట్టి మెట్ట మీద 1968లో మొదలైన ఆరోవిల్ ఉంది. చలిదేశాల నుంచి కూడా వచ్చి చేరినవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి, బీడుపడిన నేలలో అడవినే పెంచి ఆ చోటును చల్లబరుచుకున్నారు. వాళ్ల చేతిలో భూమి ఉంది. అద్దెకుండేవాడు వాకిట్లో మునగ కొమ్మ నాటాలన్నా యజమానిని అడగాలి. ఈ తేడాను మరిచిపోయి "కలిసి ఉంటే ఏదైనా సాధించవచ్చు" అని చెప్పటం నాకు ఇష్టం లేదు.

భాష కూడా అడ్డమే, ముఖ్యంగా ఇంట్లో ఉండే ఆడవాళ్లకు. కాని అనుకున్నంత పెద్ద అడ్డం కాదు. తమిళంలో నీళ్లను తణ్ణీర్ అంటారు, మన చన్నీరే అది. తలనొప్పి తలైవలి, కళ్లు తిరిగితే మయక్కం, ఉక్కపోత పుళుక్కం. ఒంట్లో బాగులేనప్పుడు కావలసిన మాటలు ఇరవైకి మించవు. బస్సెక్కే ముందే నేర్చుకోవచ్చు.

ఇప్పుడు మన కుటుంబం దగ్గరికి తిరిగి వద్దాం. భర్త మేలో వెళ్లి చేరగూడదు. జనవరిలో వెళ్లాలి. ఎండలు ముదిరే కొద్దీ ఒళ్లు కూడా అలవాటు పడుతుంది. వేడికి ఒళ్లు సర్దుకోవటానికి ఒకటి రెండు వారాలు పడుతుందని, ఈలోపే ప్రమాదం ఎక్కువని వైద్యులు చెబుతారు. వేడిలో పనికి కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు పూర్తి పనిలో ఐదో వంతే ఇచ్చి, రోజూ కొంత పెంచుతూ పోవాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సలహా ఇచ్చింది. మన మేస్త్రీలు దీనికి ఒప్పుకుంటారా అంటే అనుమానమే. అందుకే కాలం మనమే చూసుకుని బయలుదేరాలి.

తల్లి సంగతే అన్నిటికన్నా కష్టమైనది. "ముసలామె, ఆ వేడి తట్టుకోలేదు, ఊళ్లోనే ఉండనీ" అని అందరూ అంటారు. డెబ్బై దాటిన శరీరానికి చెమట తక్కువ, దాహం కూడా సరిగా తెలియదు. వాళ్ల భయం నిజమైనదే. కాని చల్లటి ఊళ్లో ఒంటరిగా ఉంచటం ఆమెకు మేలా? షికాగో చెప్పేది దానికి వ్యతిరేకం. ఒంటరితనమే ఎక్కువ ప్రమాదం. ఆమెను తీసుకువెళ్లటమే మంచిదని నా అభిప్రాయం. అయితే ముందు ఆమె ఏమంటుందో అడగాలి. ఇంతసేపూ మనం ఆమెను అడగనే లేదు.

తీసుకువెళ్లినా ఒక చిక్కు మిగులుతుంది. కొడుకు పనిలో, కోడలు కుట్టుపని దుకాణంలో, పిల్లలు బడిలో. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, సరిగ్గా ఎండ ముదిరిన వేళలోనే, ఆమె మళ్లీ ఒంటరిది. పక్కింటివాళ్లతో ఆ చనువు ఏర్పడేదాకా, కనీసం మొదటి వేసవి, కోడలు దుకాణానికి పోకుండా మిషను ఇంట్లోనే పెట్టుకుని కుట్టవలసి ఉంటుంది. మెట్లెక్కనక్కరలేని కింది ఇల్లు తీసుకోవాలి, దానికి బాడుగ ఎక్కువ. మేస్త్రీ చెప్పిన కూలి ఎంతో కాగితం మీద రాసి, అందులోంచి కోడలికి తగ్గే కుట్టుకూలి, ఎక్కువయ్యే బాడుగ, రాత్రంతా తిరిగే ఫ్యాన్ల కరెంటు బిల్లు తీసివేసి చూడండి. మిగిలిన అంకెను మదనపల్లెలో ఇప్పుడు వస్తున్న దానితో పోల్చండి. మేస్త్రీకి జవాబు ఆ తరువాత చెప్పవచ్చు.