మన గెడ్డ నీరు చేరే చోటు మనమూ చూడాలి

2022 ఏప్రిల్ 4న మన పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. అంతకు ముందు మనం విజయనగరం జిల్లావాళ్లం. భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీరం కూడా అప్పుడు మన జిల్లాలోదే. ఇప్పుడు మన జిల్లాకు సముద్రం లేదు. పటం మీద గీత మారింది గానీ సముద్రం దూరం జరగలేదు. కురుపాంలో తెల్లవారుజామున బస్సెక్కితే రాత్రి భోజనం వేళకు తిరిగి రావచ్చు. అయినా మాలో చాలామంది సముద్రాన్ని పుస్తకంలోనూ టీవీలోనూ తప్ప చూడలేదు.

విహారయాత్ర అనగానే మేము హైదరాబాద్ అంటాం, లేకపోతే వైజాగ్ అంటాం. అవీ చూడవలసినవే. కానీ ఏటా హాస్టల్ నుండి వేసే ఒకరోజు యాత్ర మన నాగావళి వెంట సముద్రం దాకా సాగాలన్నది మా అభిప్రాయం. అందులో ఒక్క విద్యార్థి కూడా ఆగిపోకూడదన్నది మా కోరిక.

నాగావళి మనకు పరాయి నది కాదు. జంఝావతి, వట్టిగెడ్డ కలిసేది అందులోనే. బలరాముడు నాగలితో ఈ నదిని పారించాడని, దాని ఒడ్డున ఐదు శివలింగాలను ప్రతిష్ఠించాడని పెద్దలు చెబుతారు. అవి పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి. గుంప మన పక్కనున్న కొమరాడ మండలంలోదే, జంఝావతి నాగావళిలో కలిసే చోటు. చివరిదైన కళ్లేపల్లి దగ్గర నది బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే కొండల నుండి కడలి దాకా దారి మన పెద్దలు ఎప్పుడో గుర్తుపెట్టారు. మనమే మరిచిపోయాం.

యాత్ర ఇలా ఉండాలని మా ఆలోచన. మొదట తోటపల్లి బ్యారేజీ దగ్గర ఆగి, ఆ నీరు ఏ పొలాలకు పోతోందో తెలుసుకోవాలి. తరువాత వీరఘట్టం, పాలకొండ మీదుగా శ్రీకాకుళం చేరాలి. అక్కడ వంతెన మీద నుండి మళ్లీ నాగావళినే చూడాలి. అక్కడి నుండి కళ్లేపల్లికి వెళ్లాలి. పొద్దు ఉంటే శ్రీకూర్మం గుడి గానీ, వంశధార కడలిలో కలిసే కళింగపట్నంలో దీపస్తంభం గానీ చూడవచ్చు. అన్నీ ఒకేరోజు చూడాలని పరుగులు పెడితే ఏదీ గుర్తుండదు. సాంఘిక శాస్త్రంలో 'నదీముఖం' అన్న మాటను మేము బట్టీ పట్టి రాశాం. అక్కడ నిలబడి చూస్తే బట్టీ అక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మేము ఒకసారి కళింగపట్నం వెళ్లాం. తలా కొంత వేసుకున్నాం. ఇవ్వలేని నలుగురు ఆగిపోయారు. కిటికీలోంచి చేతులు ఊపామే గానీ, వీళ్లు ఎందుకు రావడం లేదని మాలో ఒక్కరమూ అడగలేదు. రాత్రి తిరిగొచ్చాక వారిలో ఒక తమ్ముడు, "నీరు నిజంగానే ఉప్పగా ఉందా అన్నా?" అని అడిగాడు. సీసాలో తెచ్చిన నీటిని వేలితో తాకి నాలుకకు రాసుకున్నాడు. ఆ రోజు మేము చూసిన అలలన్నీ ఒక ఎత్తు, ఆ తమ్ముడి ముఖం ఒక ఎత్తు. తప్పు మాదే. మాలో తలా పది రూపాయలు ఎక్కువ వేసుకుని ఉంటే నలుగురూ వచ్చేవారు.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ మా విన్నపం. వార్షికోత్సవానికి మీరు ప్రేమతో షీల్డులు, పెన్నులు ఇస్తున్నారు. ఒక్క ఏడాది వాటి బదులు బస్సు అద్దెలో పాలు పంచుకోండి. బాలికల హాస్టల్ చెల్లెళ్లకు 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వారికి టికెట్ లేదు. ఉపాధ్యాయినులు తోడుంటే వారి యాత్రకు ఖర్చు ఇంకా తక్కువ.

పెద్దల భయం మాకు తెలుసు. గెడ్డలో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. నది కలిసే చోట లాగు ఎక్కువ. కాబట్టి నీళ్లలోకి దిగకూడదు, ఒడ్డు నుండే చూడాలి. వెళ్లే నెల కూడా ఆలోచించుకోవాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాన్లు ఈ తీరం వైపే వచ్చాయి. సంక్రాంతి వెళ్లాక, పరీక్షల ముందు వెళ్లడం మేలు. ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు శ్రీకాకుళం తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి.

మనం గెడ్డలో పారేసిన ప్లాస్టిక్ కవరు కూడా చివరకు చేరేది ఆ తాబేళ్లు వచ్చే ఒడ్డుకే. ఆ ఒడ్డున ఒకసారి నిలబడినవాడు మళ్లీ గెడ్డలో చెత్త వేయడానికి వెనకాడతాడు. ఒక్కరోజు యాత్ర నేర్పే పాఠం చిన్నది కాదు.

మా కోరిక పెద్దదేమీ కాదు. వచ్చే ఏడాది బస్సు కదిలేటప్పుడు హాస్టల్ గేటు దగ్గర చేయి ఊపుతూ ఒక్క విద్యార్థి కూడా మిగలకూడదు.