జెండా ఎంత దూరం?

డాలస్‌లో ఉంటున్న మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, మొన్న రాత్రి ఫోన్ చేశాడు. ‘నాన్న గోల్ఫ్ బాగా ఆడుతున్నారటగా! సంక్రాంతికి వస్తూ దూరం కొలిచే పరికరం ఒకటి తెద్దామనుకుంటున్నా. జీపీఎస్ వాచీ కొననా, లేజర్ కొననా? నువ్వు పేపర్లో రాసేవాడివి కదా, కనుక్కుని చెప్పు’ అన్నాడు. పేపర్లో రాసేవాళ్లకి అన్నీ తెలుసని మా బంధువులందరి నమ్మకం. నాకైతే గోల్ఫ్ అంటే టీవీలో చూసిందే. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఒకే ఒక్క స్ట్రోకు తేడాతో పతకం పోగొట్టుకున్న రోజు, ఆమె బ్యాగు మోస్తూ వెంట నడిచింది వాళ్లమ్మే అని తెలిసి ముచ్చటపడ్డాం చూడండి... అంతవరకే నా పరిజ్ఞానం.

సరే, వచ్చిన ఆదివారం తెల్లారకముందే పెదనాన్న వెంట బయల్దేరా. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఉంది ఆ కోర్సు. ఒకపక్క పాత కోటగోడలు, మరోపక్క మన హైదరాబాద్ బండరాళ్లు, మధ్యలో పచ్చటి గడ్డి. బ్యాంకులో రిటైరయ్యాక డాక్టరు నడవమన్నారని మొదలుపెట్టిన ఆట, మూడేళ్లలో ఆయనకు వ్యసనమైంది. పెద్దమ్మ మాటల్లో చెప్పాలంటే ‘కొత్త కాపురం’.

ఈ ఆటలో దూరం ఎందుకంత ముఖ్యమంటే... ఆటగాడి బ్యాగులో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు. ఒక్కోటీ బంతిని ఒక్కో దూరానికి పంపుతుంది. ఒక ఐరన్‌కీ దాని పక్క నెంబరు ఐరన్‌కీ సుమారు పది గజాల తేడా. గజమంటే మనం ఇళ్ల స్థలాల దగ్గర వినే గజమే, మూడడుగులు. జెండా 140 గజాల్లో ఉందో 155 గజాల్లో ఉందో తెలియకపోతే, ఎంత బాగా కొట్టినా బంతి ఇసకలోనో నీళ్లలోనో పడుతుంది. వెనకటి రోజుల్లో దారిపక్కన 100, 150, 200 గజాల గుర్తులు చూసుకుని, అక్కణ్నుంచి అడుగులు లెక్కపెట్టుకునేవారు. లేదంటే క్యాడీని అడిగేవారు. చాలామంది ఇప్పటికీ అడుగుతారు.

జీపీఎస్ పరికరానికి జెండా కనిపించదు. దానికి తెలిసింది రెండే: మీరెక్కడ నిలబడ్డారు, గ్రీన్ ఎక్కడుంది. మీరున్న చోటు ఉపగ్రహాలు చెబుతాయి, గ్రీన్ ఎక్కడుందో ముందే అందులో ఎక్కించిన మ్యాపు చెబుతుంది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది. వంద మీటర్ల దాకా తేడా వస్తుంటే గోల్ఫుకేం పనికొస్తుంది? ఆ తప్పు కలపడం మానేశాకే ఈ వ్యాపారం ఊపందుకుంది. ఆకాశం బాగా కనిపించే చోట ఇప్పుడు మూడు నుంచి అయిదు మీటర్ల తేడాలో సరిపోతుంది. వాచీ మీద మూడు అంకెలు కనిపిస్తాయి... గ్రీన్ ముందు అంచుకి, మధ్యకి, వెనక అంచుకి. దారిలో ఉన్న ఇసక గుంటలు, చెరువులూ చూపిస్తుంది. అయితే జెండా గుచ్చే రంధ్రాన్ని సిబ్బంది తరచూ మారుస్తుంటారు. ముందుందా వెనకుందా అన్నది మీరే చూసి ఊహించుకోవాలి. ముప్ఫై గజాల పొడవున్న గ్రీన్ అయితే ఆ ఊహలో రెండు క్లబ్బుల తేడా వచ్చేస్తుంది.

లేజర్ సంగతి వేరు. చిన్న బైనాక్యులర్‌లా ఉంటుంది, కాకపోతే ఒంటికన్నుది. జెండా మీద గురిపెట్టి మీట నొక్కితే కంటికి కనిపించని పరారుణ కాంతి వెళ్లి తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో లెక్కగట్టి దూరం చెబుతుంది. 150 గజాలకి రానూపోనూ సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు! ఒక గజం అటూ ఇటూగా అంకె కచ్చితం. మ్యాపు అక్కర్లేదు, ఉపగ్రహం అక్కర్లేదు. చెట్టు, బండరాయి, ఇసక గుంట అంచు... కనిపించేదేదైనా కొలుస్తుంది. కనిపించాలి, అంతే. గుట్ట అవతలున్నదాన్నీ కొమ్మల చాటున్నదాన్నీ అది చెప్పలేదు. పొగమంచు పట్టినా కష్టమే.

ఆ ఉదయం ఈ రెంటి తేడా నాకు కళ్లారా కనిపించింది. పెదనాన్న స్నేహితుడొకాయన దగ్గర ఖరీదైన లేజర్ ఉంది. ‘ఒకసారి చూడండి’ అని ఇచ్చారు. పెదనాన్న కంటికి ఆనించుకుని మీట నొక్కారు. 138 అంది. మళ్లీ నొక్కారు. 171! ఇంకోసారి నొక్కితే 169. జెండా కర్ర సన్నంగా ఉంటుంది కదా, గురి కాస్త పక్కకి జరిగితే కాంతి దాని వెనకున్న చెట్లకి తగిలి వస్తుంది. ఈ మధ్య వచ్చే పరికరాలు జెండా దొరకగానే చేతిలో చిన్నగా వణికి చెబుతాయి. కానీ ఆయన చేతిలో ఏది పరికరం వణుకో తెలియలేదు. క్యాడీ మాత్రం బ్యాగు దించకుండానే ‘నూట నలభై సార్. ఎదురుగాలి ఉంది, నూట యాభై అనుకుని కొట్టండి’ అన్నాడు. పదిహేనేళ్లుగా అదే గడ్డి మీద నడుస్తున్న మనిషి. గాలి సంగతి ఆ లేజర్ చెప్పదు మరి.

పెదనాన్న కుడిచెయ్యి వణకడం మొదలై ఏడాది దాటింది. టీ కప్పు సాసరు మీద పెట్టేటప్పుడు చప్పుడవుతుంది. బంతి కొట్టేటప్పుడు ఇబ్బంది లేదంటారు, రెండు చేతులూ పట్టుకుంటారు కాబట్టి. అన్నయ్యకి ఈ విషయం తెలియదు. వీడియో కాల్లో మొహమే కదా కనిపించేది!

వణుకు తగ్గించి బొమ్మని నిలకడగా చూపే లేజర్లూ ఉన్నాయి. నికాన్ లాంటి కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర మాత్రం బాగా ఎక్కువ. మామూలు లేజర్లు పదీ పదిహేను వేల నుంచి మొదలవుతాయి, పేరున్నవాటికి యాభై వేలైనా పెట్టాలి. వాచీల ధరలూ ఇంచుమించు అలాగే. ఫోన్లో వేసుకునే యాప్‌లు కొన్ని ఉచితం. మొదటి ఏడాది వాటితో సరిపెట్టుకోమనే నేను చెబుతా. బంతి ఇరవై గజాలు కుడికో ఎడమకో పోతున్న రోజుల్లో, దూరం గజం తేడా లేకుండా తెలిసి ఏం లాభం చెప్పండి? కొట్టిన దెబ్బ కొట్టినట్టు అనుకున్న దూరానికి వెళ్తున్నవారికే లేజర్ డబ్బు గిట్టుబాటయ్యేది. కొత్త కోర్సులకి వెళ్లేవారికి, ముందేముందో తెలియనివారికి జీపీఎస్సే నయం. వాచీ కొనేముందు మీరు ఆడే కోర్సు మ్యాపు అందులో ఉందో లేదో చూడండి. గార్మిన్ లాంటి కంపెనీ 40 వేలకు పైగా కోర్సుల మ్యాపులున్నాయంటుంది. వాటిలో మీది లేకపోతే అది వట్టి గడియారమే. లేజరైతే కళ్లజోడు పెట్టుకునే ఒకసారి చూసి కొనాలి.

ఇంకో చిక్కుంది. చాలా లేజర్లలో ‘స్లోప్’ అనే ఏర్పాటు ఉంటుంది. ఎత్తుపల్లాల్ని లెక్కలోకి తీసుకుని, 140 గజాలే అయినా 150 అనుకుని కొట్టమంటుంది. ఎగుడుదిగుడు నేల మీద సరదా ఆటకి ఇది భలే ఉపయోగం. పోటీల్లో మాత్రం కుదరదు. 2006లో దూరం కొలిచే పరికరాల్ని అనుమతించే వీలు నియమాల్లోకి వచ్చింది. 2019 నుంచి నిర్వాహకులు ప్రత్యేకంగా వద్దంటే తప్ప వాడుకోవచ్చు. కానీ ఎత్తుపల్లాల లెక్క వాడితే రెండు స్ట్రోకుల శిక్ష, మళ్లీ వాడితే పోటీ నుంచే బయటికి. కాబట్టి క్లబ్బు పోటీలు ఆడేవారు ‘స్లోప్’ ఆపే మీట ఉన్నదే కొనాలి.

పురుషుల మేజర్ టోర్నీల్లో ఈ పరికరాల్ని తొలిసారి ఒప్పుకున్నది 2021 మే నెలలో, అమెరికాలోని కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో. సముద్రపు గాలి విసిరికొట్టే కోర్సు అది. అక్కడ గెలిచింది యాభయ్యేళ్ల ఫిల్ మికెల్సన్. మేజర్ గెలిచినవాళ్లలో అంత పెద్ద వయసువాడు అంతకుముందు లేడు. ఈ సంగతి చెబితే పెదనాన్న మొహం వెలిగిపోయింది. ‘యాభై ఒక వయసేంట్రా?’ అన్నారు. ఆయనకి అరవై ఎనిమిది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగా, అన్నయ్యకి ఏం చెప్పమంటారని. ‘వాచీ అను. టైము కూడా చూసుకోవచ్చు’ అన్నారు. లేజర్ ఎందుకొద్దో వాడు అడుగుతాడు కదా అంటే కాసేపు మాట్లాడలేదు. మెహదీపట్నం దాటాక, ‘ఇదంతా పేపర్లో రాస్తావా?’ అన్నారు. మీకిష్టమైతేనే అన్నా.

‘రాయి. వాడు ఆదివారం పేపరు నెట్లో చదువుతాడు. చెయ్యి సంగతి నేను చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది’ అన్నారు.