ఇల్లాలి యారోగ్యము: గూటిలోని మాత్రలు



"మందు మ్రింగి పది దినములైనది, ఏ గుణమును లేదు" అని మాత్రల పొట్లమును గూటిలో పడవైచిన యొక సోదరిని మా దేవరకొండ ప్రాంతమున నేనెఱుగుదును. అది విషాదరోగమునకు, అనగా డిప్రెషనునకు, ఇచ్చిన మందు. వైద్యుడు ఆఱు వారముల మాట చెప్పియే యుండెను. ఇంటిలో చెవినిడినవారు లేరు.

విషాదము మనసునకు మాత్రమే చెందినదని తలంతుము. భగవద్గీత మొదటి యధ్యాయమున అర్జునునకు నోరెండినది, ఒడలు వణికినది, విల్లు చేజారినది. శాస్త్రజ్ఞులును నేడు దేహముననే వెదకుచున్నారు.

మెదడు మన బరువులో నూటికి 2 పాళ్లే. ప్రాణవాయువు మాత్రము నూటికి 20 పాళ్లు వాడుకొనును. అందు క్రొవ్వును మిక్కుటము. ప్రాణవాయువు ఖర్చగు చోట నిప్పురవ్వలవంటి చురుకైన యణువులు పుట్టును. వానిని చల్లార్చు పదార్థములును దేహమున కలవు. రవ్వలు హెచ్చి, చల్లార్చునవి చాలకున్నచో దానినే ఆక్సీకరణపు ఒత్తిడి యందురు. పాతబడిన నూనెకు చెడు వాసన పట్టుటయు నిట్టి మార్పే. క్రొవ్వు అట్లు చెడినపుడు మాలోండయాల్డిహైడు అను పదార్థము పుట్టును. అది విషాదరోగుల రక్తమున హెచ్చుగా నుండుటయు, కొన్ని వారముల చికిత్స పిదప తగ్గుటయు పెక్కు పరిశోధనలలో కనబడినది. ఇది రోగమునకు కారణమో, ఫలితమో యింకను తేలలేదు. కావున దీని పేరు చెప్పి యెవరేని విటమిను మాత్రలు అమ్మజూపినచో, మందునకు బదులుగా కొనకుడు.

నడవడిలోని మార్పు ఒక్క దినమున రాదు. వికారము, తలనొప్పి ముందే రావచ్చును. నిద్ర, ఆకలి కొంత కుదురును. దిగులు వీడుటకు 2 మొదలు 6 వారములు పట్టును. ఈ నడిమి దినములందే కనిపెట్టి యుండవలెను, ముఖ్యముగా పడుచువారిని. చావుమాట వినబడినచో ఒంటరిగా విడువక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ 14416 నంబరున రేయింబవళ్లు, తెలుగుననే మాటలాడవచ్చును. గుణము కనబడిన పిదపను ఆఱు నెలలైనను మందు సాగవలెను. వైద్యుని యడుగక మానకుడు.

ఆ సోదరి యత్తగారు గూటినుండి పొట్లము దించి, కోడలిని మరల వైద్యుని కడకు తోడ్కొనిపోయెను. ఐదవ వారమున ఒక యుదయము ఆమె వాకిట ముగ్గు పెట్టుచుండగా చూచితిని. చుక్కలు వంకరగా నుండెను. అత్తగారు గడపలో నిలిచి చూచుచుండెను గాని దిద్దలేదు.