విశ్వవిద్యాలయం ఎవరితో మాట్లాడుతోంది?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి విశ్వవిద్యాలయాల ప్రకటనలు వరుసగా వస్తాయి. దినపత్రికలో ఒక ప్రకటన, వెబ్‌సైటులో పదుల పుటల ప్రాస్పెక్టస్, వాటి వెంట సవరణలు, గడువు పొడిగింపులు. నిబంధనల రీత్యా చెప్పవలసినదంతా వాటిలో ఉంటుంది. అయినప్పటికీ గడువు ముగిసిన మరునాడు మసీదు ఆవరణలోనో, మీసేవ కేంద్రం ముందో ఎవరో ఒక తండ్రి "ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే" అని వాపోతూనే ఉంటాడు. కార్యాలయంలో అడిగితే "అంతా వెబ్‌సైటులో పెట్టాం కదా" అన్న సమాధానం లభిస్తుంది. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. సమాచారం ప్రకటించారు, కాని అది అందవలసిన వారికి అందలేదు. ప్రకటించడంతోనే తమ బాధ్యత తీరిపోయిందని విశ్వవిద్యాలయాలు భావించడమే ఈ నెల మా చర్చనీయాంశం.

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2020-21 నివేదిక ప్రకారం ఉన్నత విద్యలో నమోదైన విద్యార్థులలో వారి వాటా 4.6 శాతం మాత్రమే. ఈ అంతరానికి పేదరికం, బడిలోనే చదువు మానివేయడం, చదివినా ఉద్యోగం దొరకదన్న నిరాశ వంటి లోతైన కారణాలున్నాయి. 2006లో సచార్ కమిటీ వాటిని దేశం ముందుంచింది. సమాచారం అందకపోవడమే అన్నిటికీ మూలమని మేము వాదించడం లేదు. అయితే తక్కిన కారణాలను తొలగించడానికి నిధులు కావాలి, చట్టాలు కావాలి, ఏళ్ల తరబడి కృషి కావాలి. ఈ ఒక్క లోపాన్ని మాత్రం వచ్చే విద్యా సంవత్సరం నాటికే సరిచేసుకోవచ్చు. అందుకు శ్రద్ధ ఒక్కటే కావాలి.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన వారందరికీ ఒక సంప్రదాయం సుపరిచితం. ఉత్తర్వు ఒక్కటే తయారవుతుంది. దాని అడుగున ప్రతులు పొందేవారి జాబితా ఉంటుంది. ఒకరికి "సమాచార నిమిత్తం" అని, మరొకరికి "తగు చర్య నిమిత్తం" అని, ఇంకొకరికి "సంబంధితులకు అందజేసి రసీదు పొందవలెను" అని వేర్వేరుగా రాస్తాం. ఉత్తర్వులోని విషయం మారదు. ఎవరు దానితో ఏమి చేయాలో వారికి విడిగా చెబుతాం. గుమాస్తాకు తెలిసిన ఈ చిన్న పద్ధతి విశ్వవిద్యాలయాల ప్రజాసంబంధాలలో కనిపించదు. అక్కడ ఒకే ప్రతి అందరికీ వెళుతుంది, లేదా ఎవరికీ వెళ్లదు.

ఒక ముస్లిం బాలిక డిగ్రీలో చేరే సందర్భాన్నే తీసుకుందాం. ఆ నిర్ణయం ఆమె ఒక్కతే తీసుకోదు. హాస్టల్ వార్డెన్ మహిళేనా, ప్రయోగశాల తరగతి ముగిసేసరికి తిరుగు బస్సు ఉంటుందా అన్నది తల్లి ఆందోళన. ఫీజు ఒకేసారి కట్టాలా, విడతలుగా కట్టవచ్చా, ఏ తేదీకి డబ్బు పంపాలి అన్నది గల్ఫ్‌లో ఉన్న తండ్రికి తెలియవలసిన విషయం. ఈ చదువుతో ఏ ఉద్యోగ పరీక్షలు రాయవచ్చునని అన్న అడుగుతాడు. మదరసాలో చదివిన పిల్ల అయితే, ఆ ధ్రువపత్రం చెల్లుతుందో లేదో మౌలానా గారికి తెలిసి ఉండాలి. ప్రాస్పెక్టస్ మాత్రం వీరందరినీ దాటవేసి, ఆంగ్లం ధారాళంగా చదవగల ఒక ఊహాజనిత విద్యార్థితోనే మాట్లాడుతుంది. తల్లి ప్రశ్నకు జవాబు దొరకని ఇంట్లో, మార్కులు ఎన్ని వచ్చినా, దరఖాస్తు పూర్తి కాదు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు ఉన్న "దోస్త్" విధానంలో ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ నంబరు అవసరం. ఆ నంబరు దేశం వెలుపల ఉన్న తండ్రి చేతిలో ఉంటే ఏమి చేయాలో ఒక్క వాక్యంలో ముందుగా చెప్పగలిగితే ఎన్నో ఇళ్లలో చివరి రోజు హైరానా తప్పుతుంది.

రిజర్వేషన్ల విషయంలో గందరగోళం మరీ అధికం. "బీసీ-ఇ", "మైనారిటీ" అన్న రెండు మాటలను చాలామంది ఒకటే అనుకుంటారు. అవి ఒకటి కావు. 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు కల్పించిన 4 శాతం కోటా బీసీ-ఇ. షేక్‌లు అందులో ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్ తదితరులు అందులో లేరు, అయినా వారు మైనారిటీలే. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి వర్గాల వారు బీసీ-బి కింద వస్తారు, వారూ మైనారిటీలే. పైగా రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనికివచ్చిన ధ్రువపత్రమే కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ పనికివస్తుందని ధీమాతో వెళ్లిన కుటుంబానికి కౌన్సెలింగ్ బల్ల దగ్గర ఆ తేడా తెలియడం ఎంత అన్యాయం! ప్రకటనలో ఆ మాటలన్నీ సంక్షిప్త అక్షరాలుగా ఉంటాయి. వాటి అర్థం ముందే తెలిసినవారికి మాత్రమే అవి ఉపయోగపడతాయి.

ఫీజుల సంగతీ ఇంతే. యూజీసీ 2018లో జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం విద్యా సంస్థలు విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను తమ వద్ద అట్టిపెట్టుకోరాదు. సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు ముందుగా మానుకుంటే స్వల్ప ప్రక్రియా రుసుము మినహా ఫీజు మొత్తం, ఆ తర్వాత ఆలస్యాన్ని బట్టి 90, 80, 50 శాతం చొప్పున తిరిగి చెల్లించాలని కూడా అందులో ఉంది. ఈ హక్కు ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? మరో కళాశాలలో సీటు వచ్చినా, మొదటి కళాశాలలో కట్టిన ఫీజు పోతుందన్న భయంతో పిల్లవాడిని అక్కడే ఉంచేసే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఫీజు కట్టవలసిన తేదీని పెద్ద అక్షరాలతో ముద్రించే సంస్థలు, ఫీజు తిరిగి పొందే పద్ధతిని కూడా అదే అక్షరాలతో ముద్రించాలని కోరడం అత్యాశ కాదు.

ఇక భాష. ముస్లింలకు సమాచారం అందించాలన్న ఆలోచన వచ్చిన చోట కూడా అధికారులు ఒక పొరపాటు చేస్తారు. ముస్లింలు అంటే ఉర్దూ అని భావించి, ఒక ఉర్దూ పోస్టరు అతికించి, పని పూర్తయిందనుకుంటారు. తెలుగు నేల మీద వాస్తవం అంత సరళం కాదు. హైదరాబాద్ పాతనగరంలో ఉర్దూ పత్రిక చదివే ఇళ్లున్నాయి. కోస్తా జిల్లాల్లో ఇంటా బయటా తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలున్నాయి. వీటి మధ్య, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు నేర్చుకుని, ఉర్దూ లిపి చదవలేని వారు ఊరూరా ఉన్నారు. వీరికి ఉర్దూ కరపత్రం ఇస్తే గౌరవించినట్లు కనిపిస్తుంది గాని సమాచారం చేరదు. వారికి కావలసింది తెలుగు కరపత్రం, చెవికి దక్కనీలో చెప్పే మనిషి. వినేవారిని బట్టి మాటను మలచడం అంటే ముందుగా వారెవరో వెళ్లి తెలుసుకోవడం. కార్యాలయంలో కూర్చుని ఊహించుకున్న ముస్లిం కోసం రాసిన ప్రకటన నిజమైన ముస్లింకు చేరదు.

ఈ సందర్భంలో 1998లో హైదరాబాద్ కేంద్రంగా ఆరంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాన్ని ప్రస్తావించక తప్పదు. పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ సంస్థ లక్ష్యాలలో ఉర్దూ మాధ్యమంలో వృత్తి, సాంకేతిక విద్యను అందించడం, మహిళా విద్యపై దృష్టి నిలపడం ఉన్నాయి. దూరవిద్య ఉంది, హైదరాబాద్‌లోను, కడపలోను పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, మదరసా విద్యార్థులు ఆధునిక విద్యలోకి రావడానికి బ్రిడ్జి కోర్సులు ఉన్నాయి. అయితే అక్కడ ప్రవేశం పొందాలంటే విద్యార్థి ఏదో ఒక స్థాయిలో ఉర్దూను మాధ్యమంగా గాని, పాఠ్యాంశంగా గాని చదివి ఉండాలి, లేదా గుర్తింపు పొందిన మదరసా నుంచి రావాలి. ఈ నిబంధనను ఇంటర్ పూర్తయిన విద్యార్థికి చెబితే ప్రయోజనమేమిటి? అప్పటికి కాలం మించిపోయింది. ఆ మాట వినవలసినవారు బడిలో భాషలు ఎంచుకునే వయసు పిల్లల తల్లిదండ్రులు, అది కూడా వారిలో చాలామందికి తెలుగులో. సమాచారానికి భాష ఎంత ముఖ్యమో సమయమూ అంతే ముఖ్యమనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ అక్కరలేదు.

మన నగరానికే మరో చరిత్ర ఉంది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. అందుకోసం ముందే అనువాద విభాగం నెలకొల్పి, విజ్ఞాన శాస్త్రాల నుంచి న్యాయశాస్త్రం వరకు గ్రంథాలను తర్జుమా చేయించింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని నిరూపించిన ఘనత దానిది. అయితే ఆ రాజ్యంలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు, ఆ తర్వాత మరాఠీ, కన్నడం. ఆ భాషల పిల్లలకు ఆ ద్వారం అంత సులువుగా తెరుచుకోలేదు. ఆ చరిత్రలోని ఘనతను గుర్తు చేసుకునే మనం ఆ లోపాన్ని కూడా గుర్తుంచుకోవాలి. నేడు మనం మన కోసం అడుగుతున్నది లంబాడా తండాకు, గోండు గూడేనికి, దళితవాడకు కూడా వర్తించాలి. అప్పుడే మన కోరిక న్యాయమైనదవుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. వినేవారిని బట్టి మాట తీరు మార్చుకోమంటున్నాం గాని, విషయాన్ని మార్చమనడం లేదు. తనిఖీ బృందానికి ఒక లెక్క, తల్లిదండ్రులకు మరో లెక్క చెప్పడం వంచన. కరపత్రం మీద టోపీ ధరించిన కుర్రవాడి బొమ్మ, హిజాబ్ ధరించిన అమ్మాయి బొమ్మ అచ్చువేసి, హాస్టల్లో వారికి గది దొరకని పరిస్థితి కొనసాగించడమూ అటువంటిదే. చేర్చుకునే వరకు మృదువుగా మాట్లాడి, చేరిన తరువాత హెచ్చరికల భాషలో మాత్రమే మాట్లాడే ధోరణీ మారాలి. ఉపకార వేతనం ఆలస్యమైతే పరీక్షకు అనుమతిస్తారా, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది అన్నవి మొదటి సంవత్సరం విద్యార్థికి తెలియవలసిన విషయాలు. చదువు మధ్యలో మానేసిన విద్యార్థి కూడా ఒక శ్రోతే. తిరిగి ఎలా చేరవచ్చో అతనికి ఒక ఉత్తరం రాసే సంస్థలు ఎన్ని?

ఇది కేవలం సదాశయానికి వదిలిన విషయం కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే సమాచారాన్ని వెల్లడించాలి. అదే సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్, ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో అత్యంత ప్రభావవంతమైన ప్రచార పద్ధతిని దృష్టిలో ఉంచుకుని ఆ సమాచారాన్ని వ్యాప్తి చేయాలని నిర్దేశించింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఈ చట్టం పరిధిలోనివే. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది, 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ మేరకు చట్టం చేసింది. అంటే తెలుగు, ఉర్దూ భాషలలో సమాచారం అడగడం యాచన కాదు, హక్కు.

అందువల్ల విశ్వవిద్యాలయాల ముందు మేము నాలుగు కోరికలు ఉంచుతున్నాము. మొదటిది, ప్రతి ప్రవేశ ప్రకటనకు తెలుగులోను, ఉర్దూలోను రెండు పుటల సారాంశం ఉండాలి. అందులో అర్హత, కావలసిన పత్రాలు, ఫీజు, వాపసు, హాస్టల్, రిజర్వేషన్ వర్గాల వివరణ ఉండాలి. రెండవది, తల్లిదండ్రుల ప్రశ్నలకు వారి భాషలో జవాబివ్వగల మనిషిని ప్రవేశాల కాలంలో ఫోను వద్ద కూర్చోబెట్టాలి. మూడవది, ఉన్నత పాఠశాలలకు, మదరసాలకు విద్యా సంవత్సరం ఆరంభంలోనే సమాచారం పంపాలి. నాలుగవది, సిద్ధమైన కరపత్రాన్ని ముద్రించే ముందు, అది ఎవరి కోసమో వారిలో పదిమందికి చదివి వినిపించి, అర్థమైందో లేదో అడిగి తెలుసుకోవాలి.

మన వంతు కూడా ఉంది. జుమా నమాజు తరువాత రెండు నిమిషాలు గడువు తేదీలు ప్రకటించడానికి మసీదు కమిటీలకు ఏ ఖర్చూ లేదు. దరఖాస్తులు, ధ్రువపత్రాలు, కార్యాలయ భాష జీవితమంతా చూసిన విశ్రాంత ఉద్యోగులు మన ప్రతి పట్టణంలో ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటే చాలు. చదువుకున్న యువతులు తల్లుల దగ్గరికి వెళ్లి మాట్లాడగలరు. ఆ పని ఏ కరపత్రమూ చేయలేదు. ఎక్కడ సమాచారం అందలేదో తేదీతో సహా రాసి ఉంచండి. సమాచార హక్కు దరఖాస్తుకు అదే ఆధారం.

వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడే లోపు మీ ఊరికి దగ్గరలోని విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు ఒక వినతిపత్రం ఇవ్వండి. పై నాలుగు కోరికలూ అందులో రాయండి, రసీదు తప్పక తీసుకోండి. వచ్చిన జవాబును, రాకపోతే ఆ మాటనూ మాకు తెలియజేయండి. మేము ప్రచురిస్తాము.